విమానానికి పొలిమేర ఎక్కడ?

ఏవండీ,

ఇప్పుడు విశాఖపట్నం నుంచే దుబాయ్‌కి విమానం ఉంది. మీలా రైల్లో బొంబాయి దాకా వెళ్ళక్కర్లేదు. మన అమ్మాయి లక్ష్మి నర్సు ఉద్యోగానికి ఈ ఉదయం అందులోనే వెళ్ళింది. ఎక్కేనని ఫోన్ చేసింది. దిగేనని ఇంకా చెయ్యలేదు.

పొద్దుటి నుంచీ నేను ఇల్లు ఊడవలేదు. వెళ్ళినవాళ్ళు పొలిమేర దాటేదాకా ఊడవకూడదు కదా. మీరు మస్కట్ బయల్దేరిన రోజు, బస్సు ఊరి పొలిమేరలోని గన్నవరం వంతెన దాటుంటుందని అత్తయ్యగారే చీపురు నా చేతికిచ్చేరు. మీరు శవపెట్టెలో తిరిగొచ్చేరు.

లక్ష్మి జడలోంచి రాలిన కనకాంబరాలు గుమ్మంలో అలాగే వాడిపోయి ఉన్నాయి. దీపాల వేళయింది.

"ఈపాటికి దిగిపోయుంటుందిలే. ఊడ్చి దీపం పెట్టమ్మా" అన్నారు అత్తయ్యగారు.

"ఆయ్, పెడతానండీ. ఫోనొక్కటి రానివ్వండి."

"ఎంతసేపని చూస్తావు? పొలిమేర ఎప్పుడో దాటుంటుంది."

"విమానానికి పొలిమేర ఎక్కడుంటుందత్తయ్యా?"

ఆవిడ ఫోను వంక చూసేరు. కాసేపటికి లేచి, మూలనున్న చీపురు తీసి, నాకు అందకుండా అటక మీద పెట్టేసేరు.

మీ
సీత