నేను ఏడవలేదు

ఫిబ్రవరి 3
చెబుతున్నది నేను. రాస్తున్నది నా మనవరాలు లావణ్య. గ్రూప్ వన్ పరీక్షకి చేతికి వేగం రావాలని మొదలుపెట్టిన రాత ఇది. నేను చెబుతూ పోవాలి, అది ఆగకుండా రాయాలి. పరీక్ష అయింది, పాసయింది. ఇక ఇంటర్వ్యూ. రాత మాత్రం మానలేదు. నాకూ బావుంది. నోటితో తిట్టినవి గాలికి పోతాయి. ఇవి ఉంటాయి.

ఫిబ్రవరి 5
కాలవ చివర చేను మాది. ఈ వంతుకీ నీళ్ళు రాలేదు. పైవాళ్ళు మోటార్లు పెట్టి లాగేస్తున్నారు. తూము చూసే లస్కరుని అడిగితే, "రేపొచ్చేత్తాయండి."
వాడి రేపు తగలెయ్య.

ఫిబ్రవరి 6
ఒళ్ళు మండిపోతోంది.
పొద్దున లావణ్య అద్దం ముందు నిలబడి జవాబు వల్లె వేస్తోంది. "ఈ ఉద్యోగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?" అని అడుగుతారట. దానికి జవాబు నేనట! "మా మామ్మ ఎండిన వరి దుబ్బులు పట్టుకుని కాలవల ఆఫీసు గుమ్మంలో ఏడ్చింది. ఆ కన్నీళ్ళు చూసి..."
ఎవరే ఏడ్చింది?
రాయి. ఆగావేం? నిన్ను తిడుతుంటే చెయ్యి నడవట్లేదా? రాయి.

ఫిబ్రవరి 7
జరిగింది ఇదీ. ఆ ఏడూ చేను ఇలాగే బీటలు తీసింది. దుబ్బులు పీక్కుని ఆఫీసుకి వెళ్ళాను. గుమ్మంలో బంట్రోతు — "కాళ్ళకి మట్టి. కడుక్కుని రా."
"చేలో నీళ్ళుంటే అక్కడే కడుక్కుని వచ్చేదాన్ని నాయనా."
ఎండలో నిలబెట్టారు. ఆఫీసరు కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు. భోజనానికి మా పక్కనుంచే వెళ్ళాడు. తిరిగొచ్చాడు. "ఇంకా ఉందా ఈవిడ?"
అప్పుడు వెళ్ళాను లోపలికి. వేళ్ళకున్న మట్టితో సహా ఆ దుబ్బులు ఆయన బల్ల మీద, కాగితాల మీద పడేశాను. "ఇవిగోనండి మీ నీళ్ళు!"
ఏడవలేదు. నా మొగుడు పోయిన రోజున ఏడ్చాను. ఆఫీసుల్లో ఏడవను.

ఫిబ్రవరి 8
ఆ జవాబులో నాకు కన్నీళ్ళు పెట్టించింది కోచింగ్ మాస్టారట. "పెద్దావిడ ఏడ్చిందంటే బోర్డువాళ్ళ మనసు కరుగుద్దమ్మా. బల్ల మీద పడేసిందంటే మీ వంశానికే కోపం ఎక్కువనుకుంటారు."
ఎక్కువే. అయితే ఏంటట?

ఫిబ్రవరి 9
పాలకొల్లు వెళ్ళాను. కూరగాయల దగ్గర తెలిసింది, ఆ ఆఫీసరు ఎప్పుడో రిటైరయ్యాడట. మోకాళ్ళ నొప్పులట.
నా మనవరాలు కుర్చీలో కూర్చోవాలి, ఆయన వచ్చి దాని ముందు నిలబడాలి. ఇన్నాళ్ళూ దాన్ని తెల్లారకుండానే లేపి చదివించింది ఇందుకు. ఇప్పుడు ఎవరిని నిలబెట్టను?
లావణ్య కలం ఆపి నా మొహం చూస్తోంది. చూడక్కర్లేదు. రాయి.

ఫిబ్రవరి 11
అడిగేశాను. నా పంతం సరే, మరి దీనిది?
"నిజం చెప్పవే. నీళ్ళిప్పించడానికా, కుర్చీ కోసమా?"
"కుర్చీ కోసమే మామ్మా. నన్నెవడూ బయట నించోబెట్టకూడదు."
"రేపు నీ గుమ్మం బయట నించునేవాళ్ళో?"
అన్నం తినలేదు ఇద్దరం. కోడలు గిన్నెలు చప్పుడు చేసుకుంటూ తిరిగింది.

ఫిబ్రవరి 12
పెద్ద రభస.
"నా పేరు ఎత్తావంటే ఊరుకోను. నలుగురు పెద్దమనుషుల ముందు నన్ను ఏడుపుగొట్టుదాన్ని చేస్తావా?"
"ఏడ్చింది నేను మామ్మా!"
నేను ఆఫీసుకి వెళ్ళినప్పుడు ఇది ఏడో తరగతి. నా కొంగు పట్టుకుని వచ్చింది. నేను బల్ల మీద పడేశాక గదిలో అందరూ నవ్వారట. నాకు వినబడలేదు. విసురుగా వచ్చేశాను. నా వెనకాల ఏడ్చుకుంటూ వచ్చిందట, రోడ్డు దాకా. నేను తిరిగి చూడలేదట.
"అయితే అదే చెప్పు వాళ్ళకి."
"నేనేడ్చానని చెప్పుకోవాలా? సిగ్గు మామ్మా."
దీనికి సిగ్గట! తన ఏడుపు తెచ్చి నా కళ్ళల్లో పెట్టడానికి లేని సిగ్గు!
...ఇదీ రాసింది. తల ఎత్తకుండా రాసింది.

ఫిబ్రవరి 14
లావణ్య ఇంటర్వ్యూకి బెజవాడ వెళ్ళింది. ఇవాళ రాత కోడలిది. "నిదానంగా చెప్పండత్తయ్యా, నాకంత వేగం లేదు."
నాకు నిదానం లేదు.

ఫిబ్రవరి 15
సాయంత్రం ఫోను.
"బానే చేశాను మామ్మా."
"ఎందుకొస్తున్నావని అడిగారా?"
"అడిగారు."
"ఎవరు ఏడ్చారే?"
అవతల బస్సుల హారన్లు.
"వచ్చాక చెప్తాను."
పెట్టేసింది.
కోడలు అంటోంది, ఏం చెబితే ఏముందత్తయ్యా, ఉద్యోగం వస్తే చాలు కదా. చాలదు. అది కూడా రాయి.
రేపు తూము ఎత్తి నీళ్ళొదులుతాడట లస్కరు. పొద్దున్నే చేలో ఉంటాను. లావణ్య బస్సు దిగి తిన్నగా అక్కడికే రావాలి. ఇంటికి కాదు.
దాని కాళ్ళకి మట్టి అంటుకున్నాక అడుగుతాను.