పెద్దల పలకకు కొత్త ఇల్లు

సిబు నుండి

ముద్దుల కూతురు స్యూ కియెంగ్‌కు నాన్న కోటి దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం గుండ్రాయిల్లా ఉన్నాం. మిరిలో నువ్వూ అల్లుడూ అలాగే ఉన్నారని తలుస్తాను. "దేవుని దయ" అని నాన్న రాశాడేమిటా అని ఈపాటికి నోరు తెరిచే ఉంటావు. ఆగు తల్లీ, వస్తున్నాను.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. తగ్గింది. నిన్న మిరియాలు ఎండబోసి, కోళ్ళను తరిమి, అదే ఊపులో నన్నూ తరిమింది. హోక్ లాన్ అత్త మనింటికి వస్తోందా అనీ అడిగావు. ఈ ఉత్తరమంతా దానికి జవాబే.

మా అమ్మానాన్నల పేర్లు చెక్కిన పెద్దల పలక ముందు అగరొత్తి ఆపిన రోజున నా గడప తొక్కనని నా చెల్లెలు పంతం పట్టిన సంగతి నీకు తెలుసు. నాకు మిగిలిన తోడబుట్టింది అదొక్కతే. పైగా ఇంటికి నేను పెద్దకొడుకును. ధూపం మానేస్తే ఆ లోకంలో అమ్మానాన్నలు పస్తులుంటారని నా భయం. అందుకే నువ్వు సెలవులకు వచ్చి సువార్త చెబుతుంటే గురక పెట్టేవాణ్ణి. అంతా దొంగ గురకే. ప్రతి మాటా విన్నాను.

ఇక దాచలేను తల్లీ. పోయిన ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాను! మొదట్లోనే రాస్తే ఎగిరి గంతేసి మిగతాది చదవవని వెనక్కి పెట్టాను.

గుడిలో ఒక వెర్రిపని కూడా చేశాను. బాప్తిస్మం విందుకని ఇంటినుంచి మోసుకెళ్ళిన కోడిపులుసు సేమ్యా గిన్నెను ప్రభువు బల్లమీద, సిలువ ముందు పెట్టి, తినే పుల్లలు సర్ది, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన తినకుండా మనం ముట్టకూడదు కదా! లింగ్ పాస్టరుగారు నవ్వాపుకోలేక, "పెదనాన్నా, ఈయన మనం పెడితే తినే దేవుడు కాదు, మనకు వడ్డించే దేవుడు. చల్లారకముందే గిన్నెలు తెండి" అన్నారు. నా కళ్ళు నిండిపోయాయి. పుట్టి బుద్ధెరిగింది మొదలు దేవుళ్ళకు పెడుతూనే ఉన్నాను. నాకు పెట్టే దేవుడు ఒకడున్నాడని ఎవరనుకున్నారు!

మర్నాడే మీ అత్త వచ్చింది. గడప బయటే నిలబడింది.

"ఏం అన్నా! పరలోకంలో నీకు విందు పెట్టారటగా. మరి నాన్నకి పీటైనా వేశావా?"

"కొత్తగా నమ్మిన కొందరిలా పలకను కాల్చనే. చేతులు రావు. కానీ దాని ముందు ఇక మొక్కలేను."

"అయితే నాన్న ఎక్కడుండాలి? గొడుగుల బుట్టలోనా?"

"నువ్వు తీసుకెళ్ళు."

"పెళ్ళయిన ఆడది పుట్టింటి పెద్దల్ని అత్తింట్లో పెట్టుకోవడం ఎక్కడైనా ఉందా? మా ఆయన తాతముత్తాతలు ఒప్పుకుంటారా?"

"నువ్వడిగితే కాదనేంత ధైర్యం వాళ్ళకుందా?"

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. గడప దాటి లోపలికి వచ్చింది తల్లీ! స్టూలెక్కి పలకను దించి, పసిబిడ్డ మూతి తుడిచినంత ప్రేమగా తుడిచి, తన శాలువాలో చుట్టుకుంది. రేవుదాకా సాగనంపాను. పడవెక్కి, వెనక్కి తిరిగి అరిచింది.

"మీ యేసుతో చెప్పు, నాన్నకి చెవుడు. పిలిస్తే గట్టిగా పిలవమను!"

పడవ కదిలినా నా కాళ్ళు కదల్లేదు. రోజూ ప్రార్థనలో ఆ మాటే చెబుతున్నాను.

ఇట్లు,
సంతోషంతో
మీ నాన్న
తీంగ్ సియాంగ్