ఎనిమిది బోల్టులు

పర్చూరు,
17 నవంబరు 2024, ఆదివారం.

చిరంజీవి మార్కుకు,

మొన్న గురువారం ఫోనులో నువ్వన్న మాట వల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను. "గుంటూరు డాక్టరు చెవులు రెండూ బాగానే ఉన్నాయన్నాడు నాయనమ్మా. అయితే లోపం నా బుర్రలోనే ఉన్నట్టుంది" అని నవ్వావు. నేను అన్నం తిన్నావా అని అడిగి ఫోను పెట్టేశాను. నీ చెవిలో లోపం లేదు. బుర్రలో లేదు. డ్రమ్ములోనూ లేదు.

జనవరిలో చీరాల పెళ్లిబ్యాండు మాస్టరు ఇమాం హుస్సేన్ దగ్గర ఆ పాత స్నేర్ డ్రమ్ము కొన్నావు. మొదటి రెండు ఆదివారాలు గుడిలో అది చక్కగా పలికింది. ఆ తర్వాత పొద్దున నువ్వు సరిచేసిన మోత రాత్రికి ఉండేది కాదు. తడిసిన చాప మీద కొట్టినట్టు వినిపించేది. కింది తీగలు బిగించే మీటకు పట్టిన తుప్పు గీకావు. తీగల దారం తీసేసి కొత్తపట్నం వలదారం కట్టావు. బోల్టు గూళ్లలో స్ప్రింగులు గలగలమంటున్నాయని నువ్వు పనిచేసే జిన్నింగు మిల్లు నుంచి గుప్పెడు దూది తెచ్చి కూరావు. చివరికి, "మిల్లు మోతకు నా చెవులే పోయాయి" అన్నావు. ఏప్రిల్లో డ్రమ్మును గోనెసంచిలో చుట్టి ఇంట్లోనే వదిలేసి, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనికి వెళ్లిపోయావు.

మార్కూ, ఆ బోల్టులు వదులు చేసింది నేను. డ్రమ్ముతో పాటు బోల్టులు తిప్పే తాళంచెవులు రెండు వచ్చాయి. ఒకటి నేను తీసి దాచాను. నువ్వు మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లగానే డ్రమ్ము తిరగేసి, కింద చర్మాన్ని పట్టి ఉంచే ఎనిమిది బోల్టుల్లో ఒకటో రెండో పావు తిప్పు వదులు చేసేదాన్ని. ఏ పని చేసినా రాసిపెట్టడం నా అలవాటు గనుక అదీ నోటుబుక్కులో రాశాను. ఫిబ్రవరి 9, రెండో బోల్టు. ఫిబ్రవరి 11, రెండు, ఏడు. అలా ముప్పై ఒక్కసార్లు. నువ్వు అరుగు మీద కూర్చుని, డ్రమ్ముకు చెవి ఆనించి, మళ్లీ మళ్లీ కొట్టి వినేవాడివి. నేను లోపల బియ్యం ఏరుతూ ఉండేదాన్ని.

కారణం చెబుతాను. క్షమించమని కాదు. కొన్న రోజున ఇమాం హుస్సేన్ "చెయ్యి తిరిగాక మా బ్యాండులోకి రా అబ్బాయ్" అన్నాడు. నువ్వు తలూపావు. మా నాన్న ఇమ్మానియేలు ఊళ్లో పెద్దరైతుల ఇళ్లలో పెళ్లికీ చావుకీ డప్పు కొట్టేవాడు. ఒక పెళ్లిలో డప్పు కాచుకోవడానికి వాళ్ల వాములోంచి పిడికెడు గడ్డి తీశాడు. అందుకు అందరి ముందు గుంజీలు తీయించారు. నాకు ఆరేళ్లు. నేను లెక్కపెట్టాను. అప్పటికి నాకు యాభై దాకానే అంకెలు వచ్చు. తర్వాతవి లెక్కపెట్టలేకపోయాను. లెక్కల టీచరునై, మన ఇంట్లో ఎవరూ ఒకరి పెళ్లికి వాయించకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు నీ చేత మోయించాను.

ఇమాం హుస్సేన్‌ను మార్చిలో ఫోనులో "చెత్త సరుకు పిల్లవాడికి అంటగట్టావు" అని తిట్టాను. మూడు వారాల కిందట, వదిలించుకుందామని, డ్రమ్మును బస్సులో చీరాల తీసుకెళ్లి, బోల్టులు నిలవడం లేదని, నువ్వు చెవులే పోయాయనుకుంటున్నావని చెప్పి ఆయన ముందు పెట్టాను. వారం ఉంచి వెళ్లమన్నాడు. మళ్లీ వెళ్తే టీ తెప్పించాడు.

"టీచరమ్మగారూ, వారం రోజులు మా కుర్రాళ్లు దీన్ని చావబాదారు. ఒక్క బోల్టు వెంట్రుకంత కదల్లేదు. మా ఇంట్లో కదలంది మీ ఇంట్లోనే కదులుతుంటే, రిపేరు దీనికి కాదండీ."

"నేనే తిప్పాను" అన్నాను.

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ సంగతి నాకెందుకు చెబుతారు? నన్ను తిట్టారు, పోనీండి, పెళ్లిళ్లలో ఇంతకంటే తింటాం. చెవులు పోయాయని కూర్చున్నాడే, ఆ పిల్లాడికి చెప్పండి" అన్నాడు.

చెప్పడానికి ధైర్యం చాలక డ్రమ్ము తెచ్చి నీ మంచం మీద పెట్టాను. గురువారం నీ నవ్వు విన్నాక ఇక ఆగలేకపోయాను.

ఇక జరగవలసినవి:

1. రెండో తాళంచెవి ఈ కవరులో ఉంది. ఇప్పుడు రెండూ నీ దగ్గరే ఉన్నాయి.
2. నోటుబుక్కులో ఆ ఆరు పేజీలు చించి పంపుతున్నాను. నీ చెవి ఏ రోజు ఎంత నిజం చెప్పిందో తేదీలతో సరిచూసుకో.
3. వచ్చే ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక లేచి, నేను చేసింది నా నోటితో చెబుతాను. నువ్వు ఉన్నా లేకపోయినా.
4. బ్యాండులో చేరడం, మానడం నీ ఇష్టం. నన్ను అడగవద్దు.
5. నా మీద కోపం తీరాలని తొందరపడవద్దు.
6. నువ్వు వచ్చేదాకా రోజూ మధ్యాహ్నం ఎనిమిది బోల్టులూ వేలితో తాకి చూస్తాను. తాళంచెవి లేదు గనుక తిప్పలేను.

నాయనమ్మ,
వీరమ్మ