గొర్రెలను గుట్ట మీదికి తోలించు

పెనుకొండ, 18-10-1964

అన్నకు నీలావతి నమస్కారాలు. మేము బాగున్నాము, దిగులంతా మన గొర్రెల గురించే.

ఈ చుట్టుపక్కల గొర్రెలు మూతులు వాచి చస్తున్నాయి. ఇది దోమల వల్ల పాకే జబ్బని పశువుల ఆసుపత్రిలో పనిచేసే మా ఆయన అనుమానం. ఏ ఊళ్లో ఎంత వాన పడింది, ఎక్కడ నీళ్లు నిలిచాయి, ఎన్ని జీవాలు జబ్బున పడ్డాయి అని చూసి, తరువాత ఏ ఊరికి వస్తుందో లెక్క కడుతున్నారు. తరువాతి ఊరు ఎర్రమంచి అని తేలగానే అక్కడికి వెళ్లి, మందను వంక నీళ్ల దగ్గర ఉంచవద్దని, ఎత్తు మీదికి తోలమని గొర్రెల కాపరి హనుమంతుకు చెప్పారు. "మిట్టన మేత యాడుండాది సామీ?" అన్నాడతను. నిన్న మా గుమ్మంలో కూర్చుని, "సగం మంద పాయె సామీ" అని ఏడ్చాడు.

ఇప్పుడు లెక్కలో మన నల్లమాడ వచ్చింది. ఈయన రాత్రి అన్నం ముట్టలేదు. "ఈ తూరి నా లెక్క తప్పితే బాగుండు" అన్నారు.

కార్డు అందగానే మందను చెరువు కింద నుంచి గుట్ట మీదికి తోలించు. సాయంత్రం వేపాకు పొగ వేయించు. అవ్వ దగ్గు తగ్గిందా? వదినను ఒక ముక్క రాయమను. పిల్లలకు దీవెనలు.

నాయన ఒప్పుకోడు, బతిమాలు. జబ్బు రాకపోతే అల్లుడి లెక్కలు చూసి ఆయన ఊరంతా వినేట్టు నవ్వనీ. ఆ నవ్వు కోసమే మొక్కుకుంటున్నాను.

నీ చెల్లెలు,
నీలావతి