పదమూడు బాతులు, ఒక వేపకొమ్మ

దొరవారిసత్రం,
గురువారం, సాయంత్రం.

మా ఇంటి సుప్రీంకోర్టు, ప్రస్తుతం బోగోలులో విడిది చేసి ఉన్న అమ్మ వెంకటశేషమ్మ గారి పాదాలకు మొక్కి, ఏకైక కుమారుడు కిషోర్ విన్నవించుకునేది.

ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. నాన్న నాకంటే కాస్త ఎక్కువ క్షేమం, ఎందుకంటే కూరలో ఉప్పు తగ్గించేవాళ్ళు ఊళ్ళో లేరు. అక్కడ నువ్వూ, వినీలక్కా, అక్క కడుపులో ఉండి ఇప్పటికే మా అందరినీ ఆడిస్తున్న ఆ చిన్న మనిషీ క్షేమమని తలుస్తాను. అక్కను మంచం దిగొద్దన్న డాక్టరమ్మకు నా నమస్కారాలు. ఇరవై ఆరేళ్ళలో అక్కను కూర్చోబెట్టగలిగిన మొదటి మనిషి ఆవిడే.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్లో అయితే నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుని రెండు రోజులు బాధపడతావు. కాబట్టి నువ్వడిగినవాటికి కాగితం మీదే జవాబులు. నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడితే. ఊరగాయ జాడీకి గుడ్డ కట్టాను, చెయ్యి తడి లేకుండానే తీశాను, ప్రమాణం. గేదెకు కాలి వాపు తగ్గింది. వరికోత మిషను మన చేలోకి శనివారం వచ్చి వెళ్ళింది, గింజ బాగానే ఉంది.

ఇక బాతుల సంగతి. ఈ ఉత్తరం రాయడానికి రెండు కాగితాలు చించేశాను, ఇది మూడోది.

హజరత్తయ్య మామ వచ్చాడని నీకు ముందే రాశాను కదా. పదకొండు రోజుల కిందట, ఆదివారం పొద్దున గేటు బయట నిలబడి ఉంటే నేను మొదట పోల్చలేదు. మనిషి సగమయ్యాడు, కళ్ళజోడు వచ్చింది. రెండేళ్ళ కిందట తన బాతులు చచ్చిపోయాక, ముత్తుకూరు దగ్గర లారీలు నిలిపే చోట గేటు కాపలాకు కుదిరాడట. ఇప్పుడు మళ్ళీ నూటయాభై పిల్లలు కొన్నాడు. చెరువు కింద వల కట్టి వాటిని ఉంచాడు. కోతలైన చేలల్లో రాలిన గింజ మీదికి వాటిని తోలాలి. పిల్లలేమో వల దాటితే నాలుగు దిక్కులకీ పోతున్నాయట.

"పిల్లలకు దోవ తెలీదబ్బయా. ముందు నడిచే పెద్ద బాతు లేకపోతే నీళ్ళు కనపడిన కాడికల్లా చెదిరిపోతాయి. మీ కాడుండేటివి ఈ చేలన్నీ తిరిగినవే. ఇస్తే తోలుకుపోతా" అన్నాడు.

తరవాత మన పెరట్లో నిలబడి నాలుక మడిచి తన పిలుపు పిలిచాడు. ఒక్కటి కూడా తల తిప్పలేదు. అవి ఇప్పుడు నీ స్టీలు పళ్ళెం చప్పుడుకే పలికే ప్రజలు. ఆయన ఒకదాన్ని పట్టుకుని కుడికాలి వేళ్ళ మధ్య పొర విప్పి చూశాడు. తన బాతులని గుర్తుకు పెట్టుకున్న రెండు గాట్లు అలాగే ఉన్నాయి. వాటిని బొటనవేలితో తడిమి, బాతును మెల్లగా కింద పెట్టాడు. "ఇచ్చేసింది నేనే గదా, గట్టిగా అడగలేను. శేషమ్మక్కను అడిగి చెప్పు" అని వెళ్ళిపోయాడు.

నేను నాన్నను అడిగాను. ఆయన తన పాత తీర్పునే మళ్ళీ చదివాడు: మీ అమ్మ బాతులు, మీ అమ్మనే అడుగు. నిన్ను అడిగాను. నువ్వు రాసిన జవాబు నా జేబులోనే ఉంది. తన బాతులు పోయిన రోజు హజరత్తయ్య మామ మిగిలిన పదమూడింటినీ గంపలో తెచ్చి మన గేటు దగ్గర దించి, బతికితే మీవి, చస్తే పూడ్చిపెట్టండి అన్నాడనీ, బొగ్గుపొడి కలిపిన నీళ్ళు చెంచాతో ఒక్కోదాని నోట్లో పోసి నువ్వు బతికించావనీ, ఆ పొద్దే మనసులో అనుకున్నావనీ రాశావు. ఇవి నిలిస్తే నా బిడ్డ కడుపు కూడా నిలుస్తుంది అని. అక్కకు రెండుసార్లు పోయాక అనుకున్న మాట అది. బిడ్డ చేతికొచ్చేదాకా ఒక్క బాతు కూడా మన వాకిలి దాటకూడదు అని కింద గీత కూడా గీశావు. ఏడో తరగతిలో నీకు దస్తూరికి బహుమతి ఎందుకిచ్చారో ఆ గీత చూస్తే తెలుస్తుంది.

సరే, కోర్టు వారి ఉత్తర్వు పట్టుకుని నిన్న పొద్దున చెరువు కిందికి వెళ్ళాను. దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను. హజరత్తయ్య మామ పిల్లలకు నూకలు చల్లుతున్నాడు. నువ్వు చెప్పిందంతా చెప్పాను, అక్క సంగతితో సహా. ఆయన వాదించలేదు. శేషమ్మక్క చెప్పింది న్యాయమే, బతికించిన చెయ్యి ఆయమ్మది అన్నాడు. అక్కడితో నేను లేచి వచ్చేసి ఉంటే ఈ ఉత్తరం మొదటి కాగితంతోనే అయిపోయేది.

ఊరికే మర్యాదకు, కళ్ళజోడు బాగుంది మామా అన్నాను.

"ఆపరేషను చేయించుకున్నానబ్బయా. ఇప్పుడు బాగా కనపడతాంది. ఆ పొద్దే ఇట్టా కనపడుంటే నా బాతులు పొయ్యేవి కాదు. మీ మడవ కాడ కొమ్మ ఉండే ఉంటుంది, నా కళ్ళకే ఆనలేదు. చదువుకున్నోడివి, నువ్వు గుచ్చకుండా ఉంటావా?"

అమ్మా, ఆయన బాతులు తెగులొచ్చి చచ్చాయని ఊరంతా అనుకుంది. తన కళ్ళదే తప్పనుకుని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వూ అలాగే అనుకున్నావు. తెగులు కాదు. నేను.

ఆ ఏడు రెండో పంట ఎడగారుకు పోసిన నారుమడిలో గుళికల మందు చల్లింది నేను. చల్లాక మడవ తీసి ఆ నీళ్ళు కింద కోసిన చేలోకి వదిలిందీ నేనే. మందు చల్లిన నారుమడి నీళ్ళు ఏ చేలోకి దిగితే ఆ చేను మడవ దగ్గర వేపకొమ్మ గుచ్చాలి. అది చూస్తే బాతులోడైనా గొర్రెలోడైనా ఆ చేలో అడుగు పెట్టడు. ఈ సంగతి మన ఊళ్ళో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. నేను వ్యవసాయ డిగ్రీ కూడా చదివాను. మందుల పేపర్లో ఎనభై రెండు మార్కులు. కొమ్మ విరిచాను కూడా. విరిచి బైకు వెనక పెట్టుకున్నాను. ఇంతలో సుబ్బుగాడు ఫోన్ చేసి మ్యాచ్ చివరి ఓవర్లు అన్నాడు. వచ్చేటప్పుడు గుచ్చుదాంలే అనుకున్నాను. నేను వచ్చేసరికి మూడొందల బాతులు ఆ చేలో పక్కకు ఒరిగి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆ చేలో మేపుకోమని ఆయన్ను పిలిచింది నాన్న.

ఆ పొద్దు నువ్వు బాతులకు నీళ్ళు కాస్తుంటే పొయ్యి పొగ చిమ్మింది. పచ్చికొమ్మ ఎవడు తెచ్చి పడేసినాడ్రా అని దగ్గుతూ అడిగావు. ఆ కొమ్మే అమ్మా అది.

నిన్న ఆయన అలా అడిగేసరికి నా నోట్లో జోకులన్నీ అయిపోయాయి. గుచ్చలేదు మామా అన్నాను. ఇంకోసారి చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. మ్యాచ్ సంగతీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచాడు, పెట్టుకోలేదు. చేతిలో ఉన్న నూకలు పిల్లలకు చల్లడం కూడా మరిచిపోయాడు.

"రెండేళ్ళు ఆ లారీల గేటు కాడ కూర్చున్నా గదరా" అన్నాడు. "కొమ్మ కనపడనోడు బాతులు మేపకూడదని."

కొట్టి ఉంటే బాగుండేది. అబ్బయా అనే మనిషి 'రా' అన్నాడు, అంతే. తరవాత పిల్లలవైపు తిరిగి కూర్చున్నాడు.

నీకు ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. తరవాత ఆలోచించాను. అడిగితే నువ్వు సరే అనవచ్చు. రేపు అక్కకు ఏదైనా అయితే, అవకూడదు, కానీ అయితే, నా నోటితో నేనే పంపించాను అని నువ్వు జన్మంతా ఏడుస్తావు. వద్దు అనవచ్చు. అప్పుడు నా తప్పును నీ మొక్కు వెనక దాచుకుని నేను బతకాలి. రెండూ నీ నెత్తిన పెట్టడమే. అందుకని అడగలేదు. ఇవాళ తెల్లవారుజామున నాన్నకు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు పలుపుతాడు ముడి విప్పుతూ కూర్చుని, మీ అమ్మకు నువ్వే రాయి, నేను చెప్పను అన్నాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు.

పొద్దున ఏడు గంటలకు నీ స్టీలు పళ్ళెం కొట్టుకుంటూ పదమూడింటినీ చెరువు కిందికి తోలుకుపోయాను. ఊళ్ళో వాళ్ళు ఊరేగింపు అనుకున్నారు. వల విప్పగానే పిల్లలు కాసేపు చెదిరాయి, తరవాత పెద్దవాటి తోకలు పట్టుకుని వరసలో పడ్డాయి. వరసలో వెనకబడిన కుంటిదాన్ని మాత్రం హజరత్తయ్య మామ పట్టుకుని నా చేతికిచ్చి, "ఇది నడవలేదు. అమ్మకుంచు" అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

కాబట్టి నీ మొక్కు పూర్తిగా పోలేదు, పదమూడో వంతు మిగిలింది. అది వాటి వెంట పోలేక గేటు దగ్గర కూర్చుని పొద్దుటినుంచీ అరుస్తూనే ఉంది. నూకలు పెట్టినా ముట్టలేదు. నువ్వుంటే ఏం చేసేదానివో తెలియక దాని పక్కనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొక్కు తప్పించింది నేను. దానికి ఏ దోషం ఉన్నా నా పేరు మీదే రావాలని పొద్దున దేవుడి పటం ముందు గట్టిగానే చెప్పాను. నువ్వు మళ్ళీ చెప్పనక్కర్లేదు. అక్కకు మాత్రం ఈ ఉత్తరం ఎప్పటిలా పైకి చదివి వినిపించకు. ఊరగాయ సంగతీ గేదె సంగతీ చదివి మడిచెయ్యి.

ఇది చదివాక నాకు ఫోన్ చెయ్యి. నేను చెప్పేది నీకు వినపడదు, నిజమే. నువ్వు తిట్టేది నాకు స్పష్టంగా వినపడుతుంది. ఈసారి నేను మధ్యలో నవ్వించను.

ఇట్లు,
పచ్చికొమ్మ తెచ్చి పడేసిన
నీ కొడుకు
కిషోర్