ఎడమచేతి భార్య సమాధి

ఎర్లింగ్ గ్రామం,
1887 నవంబరు 2, ఆత్మల పండుగ.

ఫాల్కెన్‌రోడ్ రాజవంశ చరిత్ర రాస్తున్న డాక్టర్ హీబ్ల్ గారికి, ఆ వంశం వారి కోట వంటశాలలో నలభై ఏళ్ళు పొయ్యి ఊదిన వాల్బుర్గా నమస్కరించి రాయించునది. నేను క్షేమం. మీ క్షేమం కోరే ఓపిక ఈ ఉత్తరం చివరిదాకా ఉంటుందో లేదో చెప్పలేను.

నాకు అక్షరం రాదు. మా బడిపంతులు ఇగ్నాట్స్ రాస్తున్నాడు. ఊళ్ళో సమాధులు తవ్వించే పని కూడా అతనిదే. నా మాటలు మెత్తబరుస్తాడేమోనని ప్రతి ముక్కా తిరిగి చదివించుకుంటున్నాను.

ఆదల్‌రిక్ ప్రభువు పెళ్లాడిన క్రెస్జెన్స్ అమ్మ పోయి పాతికేళ్ళు నిండాయి. కుటుంబం వచ్చి ఉంచమని అడగకపోతే వసంతంలో ఎముకలు తీసి గుంటలో కలిపేస్తారు, ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. సమాధి మీద నేను నాటిన గులాబీని కూడా పీకేస్తారు. నేను అడుగుతానంటే, నువ్వు వంటమనిషివి, కుటుంబం ఎలా అవుతావని పంతులే అన్నాడు. ఆమెకు బిడ్డలు లేరు. ఉన్న కుటుంబమల్లా మీరు చరిత్ర రాస్తున్న ఆ వంశమే.

అందుకే సెప్టెంబరులో కోటదాకా నడిచి వచ్చాను. మీరు గోడంత వంశవృక్షం చూపించారు. ఆదల్‌రిక్ ప్రభువు పక్కన కొమ్మ ఖాళీ. అది ఎడమచేతి పెళ్లి ముసలమ్మా, అలా కట్టుకున్న తక్కువింటి పిల్లకు వంశం పేరూ హక్కూ రావు, రొట్టెలవాడి కూతురు మా పుస్తకంలోకి రాదు అన్నారు. మూడు రోజులు బతికిన పసికందుకు కూడా బంగారు ఆకు వేశారు కదా అంటే, వాళ్ళ రక్తం వేరన్నారు. బాబూ, ఆ ఇంట్లో మూడు తరాల ముక్కులు తుడిచాను, మోకాళ్ళు కడిగాను. నాకు తేడా కనబడలేదు.

ఆ పెళ్లి నేను కళ్ళారా చూశాను. ప్రభువు ఆమెకు ఎడమచెయ్యే ఇచ్చాడు. పద్నాలుగేళ్ళు ఆ చెయ్యి వదల్లేదు. ఆమె పోయాక ఆ చెయ్యి ఒళ్ళోనే పడి ఉండేది, రొట్టె తుంచడానికి కూడా పైకి లేచేది కాదు. ఇది మీ పుస్తకంలో ఉందా?

ఆ వంశంలో ప్రభువు పోతే ఒళ్ళు కోట కింద, గుండె వెండి కలశంలో మేరీమాత గుడిలో. పదకొండు కలశాలకు రోజూ కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ గుండె ఎవరి కోసం కొట్టుకుందో రాయడానికి మాత్రం మీకు సిరా చాలదు.

ఆమె పేరు రాయండి. సమాధి ఉంచమని కబురు పంపండి. ఇంతకంటే నేనేమీ అడగను.

ఇట్లు,
వాల్బుర్గా
(ఆమె స్వయంగా పెట్టిన సిలువ గుర్తు)

తాజా కలం: ఇది రాయనని పంతులు కలం కింద పెట్టాడు. మామ్మా, నిన్ను జైల్లో వేస్తారన్నాడు. నాకు డెబ్బై ఎనిమిది, వేసేదేదో తొందరగా వేయమన్నాను. ఆదల్‌రిక్ ప్రభువు పోయిన రోజు, గుండెను ద్రాక్షసారాలో కడగమని వైద్యుడు నా చేతికే ఇచ్చాడు. నన్ను ఆ కలశంలో పెట్టనివ్వకు వాల్బుర్గా అని ప్రభువు ముందే మాట తీసుకున్నాడు. మీరు పదిహేడేళ్ళుగా మోకరిల్లుతున్నది వంటకు తెచ్చిన దూడ గుండెకు. ఆయనది గులాబీ వేర్ల కింద ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ సమాధి ఉంచమని అడగడానికి కుటుంబం ఉందా, లేదా.