పెళ్ళికొడుకు గుడి బయటే నిలబడ్డాడంట

పెద్దన్నయ్యకీ వదినకీ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నీ బీపీ ఎలా ఉంది? నీ కూతురు గ్రేసు పెళ్ళి మాటెత్తగానే ఫోన్ కట్ చేస్తున్నావు, అందుకే ఉత్తరం. మనం లూథరన్లం, కుర్రాడు జోజి రోమన్ కాథలిక్, వాళ్ళ గుళ్ళో అడుగు పెట్టనంటావు. సరే, చదివి చించెయ్.

మీకక్కడ ఎండలు, ఇక్కడ క్వేకర్స్ హిల్‌లో చలి మొదలైంది. ముసలివాళ్ళ హోమ్‌లో నా కిచెన్ పని అలాగే ఉంది, ఉప్పూ కారం లేని తిండి. వదినా, నువ్వు పంపిన కారం అయిపోయింది.

అక్కడ ఉండేవాళ్ళలో మార్గరెట్ అని ఒకావిడ. పూర్వీకులు ఫ్రాన్సు ప్రొటెస్టెంట్లు. మొన్న శుక్రవారం, కాథలిక్కులు మాంసం మానే రోజని చేప వండితే, "ఇది ఆర్‌సీఎం చేప, ఫాదరు దీవించాడు" అని ఆటపట్టించాను.

"నా మొగుడూ ఆర్‌సీఎమ్మే. భరించాను గదా! కూర్చో" అని కథ చెప్పింది.

వెనకటికి ఫ్రాన్సులో ఆర్‌సీఎం రాజు, మతగొడవలు ఆగుతాయని చెల్లెల్ని మన మతం కుర్రాడికిచ్చాడంట. వాళ్ళు పూజ చేసుకుంటుంటే పెళ్ళికొడుకు గుడి బయటే నిలబడ్డాడంట. వారం తిరక్కుండా పెళ్ళికొచ్చిన మనవాళ్ళని నరికేశారు. అతను బతికి, తర్వాత తనే రాజయ్యాడు. ప్యారిస్ వాళ్ళు రానివ్వకపోతే ఆర్‌సీఎంలో కలిశాడు. మనవాళ్ళకి మాత్రం మీ ఆరాధన మీరు చేసుకోండని రాసిచ్చాడు. అతని మనవడొచ్చి అదీ రద్దు చేశాడు. అప్పుడే మార్గరెట్ పూర్వీకులు ఇల్లూ వాకిలీ వదిలి పడవెక్కారు.

"అయితే రాజుల మీద ఇంకా కోపమా?" అన్నాను.

"రాజులెవరికి గుర్తు? నా పెళ్ళికి మా నాన్న రాలేదు. అది గుర్తు" అని చేప తినేసింది. నేను గిన్నెలు కడుక్కోవడానికి పోయాను.

అన్నయ్యా, నువ్వూ పూజ అయ్యేదాకా బయట చెప్పుల దగ్గర నిలబడు. తెనాలి ఆంధ్రా ప్యారిస్సే గానీ నిన్నెవరూ నరకరు. పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మందాకా తీసుకెళ్ళు, చాలు.

నువ్వు ఒప్పుకున్నావని జోజి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాను. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ప్రధానం మాట్లాడ్డానికి మీ ఇంటికొస్తున్నారు. వదినకి తెలుసు, కోడి కూడా చూసి పెట్టింది.

అత్తయ్యకీ పాస్టరుగారికీ నా వందనాలు చెప్పు. దీవెన గ్రేసుకియ్యి, తిట్లు నాకు పంపు.

నీ చెల్లెలు
రూతు